ఆరడుగుల ట్యాంకులో సిక్లిడ్లు: ఏవి, ఎన్ని, ఏ వరుసలో

పాలకొల్లు పక్క ఊళ్ళో కొత్తిల్లు, హాల్లో 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకు కట్టించానన్నారు. షాపాయన రాసిచ్చిన సిక్లిడ్ల (అదొక పెద్ద చేపల కుటుంబం) చీటీలో ఒక ఫ్లవర్‌హార్న్, రెండు ఆస్కార్లు, ఆరు ఎల్లో ల్యాబ్‌లు, నాలుగు కెన్యీలు, పది మిక్స్‌డ్ పీకాక్‌లు ఉన్నాయి. "అన్నీ సిక్లిడ్లేనండి, వారం రోజుల్లో అలవాటు పడిపోతాయి" అన్నాడట. ఇవి కలిపి వేయొచ్చా, ఇంకెన్ని పడతాయి, కుళాయి నీళ్ళు వాడాలా బోరు నీళ్ళు వాడాలా అని మీ ప్రశ్న.

ఆ చీటీ ప్రకారం మాత్రం వేయకండి. ఫ్లవర్‌హార్న్ అసలు ఏ నదిలోనూ పుట్టిన చేప కాదు. 1990లలో మలేషియా వైపు మధ్య అమెరికా సిక్లిడ్లను కలిపి తీసిన సంకరం. అడుగు దాకా పెరుగుతుంది, ఒంటరిగా ఉంటేనే సుఖంగా ఉంటుంది. వాస్తుకి మంచిదని కొనేవాళ్ళు కొంటారు, సంతోషం, దానికి వేరే ట్యాంకు పెట్టండి. ఆస్కారు అమెజాన్ నీళ్ళది. అదీ అడుగు పైనే అవుతుంది, నోట్లో పట్టిన దాన్నల్లా మింగుతుంది. రెండంగుళాల ఎల్లో ల్యాబ్ దానికి ఒక పూట మేత. పీకాక్‌ల సంగతి తర్వాత చెప్తాను. మిగిలినవి మలావి సరస్సు చేపలు. మీకు నిజంగా పనికొచ్చేవి అవే కాబట్టి వాటి గురించే మాట్లాడుకుందాం.

ఆ సరస్సులో రాళ్ళ మధ్య బతికే సిక్లిడ్లని ఎంబునా అంటారు. మగది ఒక రాతి సందు పట్టుకుని దాని చుట్టూ హద్దు పెట్టుకుంటుంది. ఇంకో మగది, అందులోనూ తన రంగుదే, ఆ హద్దులోకి వస్తే తరుముతుంది. సరస్సు 500 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఓడిన చేప నాలుగు బారలు అవతలికి పోతే గొడవ అక్కడితో సరి. మీ ట్యాంకులో ఆరడుగులకి అద్దం అడ్డొస్తుంది. గెలిచిన చేప లెక్కలో ఎదుటిది ఇంకా తన హద్దులోనే ఉంది, కాబట్టి తరుముతూనే ఉంటుంది. మన వైపు గట్టు తగాదాలు ఎలా ముదురుతాయో మీకు తెలియనిది కాదు, ఇక్కడ ఓడినవాడు ఊరు వదిలి పోయే దారి కూడా లేదు. అందుకని ట్యాంకు సర్దేటప్పుడు నేను ఒకటే చూస్తాను: దెబ్బ తిన్న చేప ఎక్కడికి పోతుంది? రాళ్ళు పేర్చినా, చేపల్ని ఎంచినా, ఏది ముందు వేయాలో ఏది వెనక వేయాలో తేల్చినా అంతా దాని కోసమే.

లీటర్లు చూసి చేపల్ని లెక్క కట్టడం ఫిల్టరు కొనడానికి పనికొస్తుంది. మీ ట్యాంకు అంచు దాకా నింపితే 680 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పైన వదిలే ఖాళీ పోగా 550 ఉంటాయనుకోండి. కానీ ఎంబునాలు పంచుకునేది అడుగుభాగాన్ని, అది మీకు 12 చదరపు అడుగులు ఉంది. ఎత్తు మూడడుగులు చేయించి ఉన్నా హద్దులు పెద్దగా పెరిగేవి కావు.

కెన్యీ వద్దంటే మీకు బాధగా ఉంటుందని తెలుసు, ఎందుకంటే షాపులో అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. పిల్లగా ఉన్నప్పుడు ప్రతిదీ లేత నీలం మీద ముదురు చారలతో ఉంటుంది. పెద్దయ్యాక ఆడవి నీలంగానే ఉండిపోతాయి, మగవి పసుపు రంగుకి తిరుగుతాయి. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. మీరు తెచ్చిన నాలుగింటిలో ఎన్ని మగవో ఆరు నెలల దాకా తెలియదు, తెలిసేటప్పటికి వాటిలో ఒకటే మిగలొచ్చు. ఆ మిగిలిన పసుపు మగదానికి ట్యాంకులో తిరిగే ప్రతి ఎల్లో ల్యాబూ పగవాడిలా కనిపిస్తుంది. ఎల్లో ల్యాబ్ ఏమో ఎంబునాల్లో అతి సాధువు, ఎదురు తిరగదు. ఆరాటస్ అనే ఇంకో ఎంబునా కూడా ఇదే బాపతు, దాంట్లో ఆడవి కూడా కొడతాయి. ఈ రెండిట్లో ఏది ఊరికే ఇస్తానన్నా తీసుకోకండి.

మీ ట్యాంకు నాదైతే ఇలా వేస్తాను. ఎల్లో ల్యాబ్‌లు ఎనిమిది. రస్టీలు ఆరు. ఇవి వంగపండు రంగు మీద ఇటుక పొడి చల్లినట్టుంటాయి, షాపు లైట్లో వెలవెలబోతాయి గానీ ఇంటికొచ్చాక బాగుంటాయి. ఎల్లో టెయిల్ ఎసియై ఆరు. ఇవి రాళ్ళకి అంటిపెట్టుకోకుండా మధ్య నీళ్ళలో గుంపుగా తిరుగుతాయి, కాబట్టి కిందవాళ్ళ హద్దులకి అడ్డం రావు. చివరగా డెమసోనిలు పన్నెండు. డెమసోని మూడంగుళాల చేప, ముదురు నీలం చారలు, కోపం మాత్రం బారెడు. దాని పగ అంతా సొంత జాతి మీదే. నాలుగైదు తెస్తే ఒక్కటి మిగిలే దాకా కొట్టుకుంటాయి. పన్నెండు ఉంటే దెబ్బ ఒక్కదానికే పడదు, పంచుకుంటాయి. అన్నీ కలిపి ముప్పై రెండు. అవి పెరిగాక మగవి ఎక్కువైన చోట తీసేసి, ఒక్కో జాతిలో మగదానికి కనీసం మూడు ఆడవి ఉండేలా చూసుకోండి. ముప్పై దగ్గర నిలబడితే చాలు.

"చేపలు కొట్టుకుంటుంటే ఇంకా ఎక్కువ వేయమంటారేంటి" అని అడిగేవాళ్ళు ఉంటారు. ఎంబునాల వరకు ఇది పనిచేస్తుంది, ఎందుకంటే గుంపు ఒత్తుగా ఉన్నప్పుడు ఏ ఒక్క మగదీ ట్యాంకు మొత్తాన్ని కాయలేదు. ఇదే సూత్రాన్ని ఫ్లవర్‌హార్న్, కాన్విక్ట్, జాక్ డెంప్సీ లాంటి అమెరికా చేపలకి వర్తింపజేస్తే చేపలు చస్తాయి. అవి జత కట్టి, మగా ఆడా రెండూ కలిసి గుడ్లు కాస్తాయి. జత కుదిరిందంటే మిగతా ట్యాంకు అంతా వాటి శత్రువే.

రాళ్ళ దగ్గర మన డెల్టా వాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. ఎంత తవ్వినా ఒండ్రు మట్టే తప్ప మనకి రాయి దొరకదు. రాజమండ్రి పై వైపు క్వారీల నుంచి వచ్చే కొండరాయి తెప్పించుకోండి, తలకాయంత సైజు నుంచి కొబ్బరికాయంత సైజు దాకా కలిపి. గుండ్రటి గులకరాళ్ళు అందంగా ఉంటాయి గానీ పేరిస్తే జారుతాయి, సందులు ఏర్పడవు. పెద్ద రాళ్ళు ముందు అడుగున పెట్టాలి, ఇసుక తర్వాత పోయాలి. ఈ చేపలు రాత్రీ పగలూ తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద గొయ్యి తీస్తే అది అద్దం మీదికి ఒరుగుతుంది. అడుగు అద్దానికి, రాళ్ళకి మధ్య పల్చటి ప్లాస్టిక్ షీటు వేసుకోండి. ఇసుక మాత్రం మనకున్నంత మంచిది ఎవరికీ లేదు. గోదారి ఇసుక తెచ్చి, జల్లించి, బకెట్లో నీళ్ళు తేటగా వచ్చే దాకా కడిగితే చాలు, సంచుల్లో రంగు ఇసుక కొనక్కర్లేదు. అంతర్వేది వైపు సముద్రపు ఇసుక వద్దు, దాంట్లో ఉప్పు ఉంటుంది.

రాళ్ళన్నీ ఒకే గుట్టగా పోస్తే ఒకే మొనగాడు దాన్ని ఏలుతాడు. మూడు గుట్టలు వేసి, మధ్యలో జానెడు చొప్పున ఖాళీ ఇసుక వదలండి. ఒక గుట్టలో ఉన్న చేపకి పక్క గుట్టలో ఉన్నది కనబడకూడదు. కనబడకపోతే సగం తగువులు ఉండవు. ప్రతి సందుకీ రెండు దారులుండాలి. ఒకటే దారి ఉన్న బొరియలో ఇరుక్కున్న చేప బయటికి రాలేదు, మర్నాడు మీరే తీయాల్సొస్తుంది. రాళ్ళు సరిపోకపోతే పాత ఇంటి పెంకులు, మూతి పగిలిన పూలకుండీలు, మూడంగుళాల పైపు ముక్కలు వాడండి. రెండు నెలల్లో పాచి పట్టి అన్నీ ఒకే రంగుకొస్తాయి. బరువు మాట మర్చిపోకండి: నీళ్ళు, అద్దం, రాయి, స్టాండు కలిపి టన్నుకి దగ్గర. మెరక పోసి కట్టిన ఇల్లయితే కింది అంతస్తులో, గోడవారగా, నేల గట్టిగా దిగిన చోటే పెట్టండి.

ఇప్పుడు వేసే వరుస. ఫిల్టరు ముందు సిద్ధం కావాలి. ఖాళీ ట్యాంకులో నెల, నెలన్నర పాటు కాస్త అమ్మోనియా ఇస్తూ, చేపల వ్యర్థంలోని విషాన్ని విరిచే బ్యాక్టీరియాని పెంచి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చేపలు. చెరువులకి వాడే జియోలైట్, ప్రోబయోటిక్ పొట్లాలు దీనికి బదులు కావు. సిద్ధమయ్యాక ల్యాబ్, రస్టీ, ఎసియై మూడు జాతుల్నీ ఒకే రోజు, ఒకే సైజు పిల్లలుగా వదిలేయండి. అన్నీ కొత్తవే కాబట్టి ఎవరికీ సొంత స్థలం ఉండదు. మూడు నాలుగు వారాలకి ఇవి సర్దుకున్నాక, డెమసోనిలు పన్నెండూ ఒకేసారి. ఆ సాయంత్రం వేసే ముందు రెండు గుట్టల్లో పై రాళ్ళు కదిపి మార్చండి, మేత పెట్టండి, లైటు ఆర్పేసి వదలండి. పొద్దున్నకి పాతవాటికీ స్థలం కొత్తగానే ఉంటుంది. ఒంటరిగా ఒక చేపని తెచ్చి నడుస్తున్న ట్యాంకులో వేయడం ఎప్పుడూ చేయకండి.

మొదటి పది రోజులు మేత వేశాక పావుగంట కుర్చీ వేసుకుని కూర్చోండి. తరమడం, రెక్కలు విప్పి పక్కపక్కన వణకడం, నోళ్ళు కరుచుకుని అటూ ఇటూ లాక్కోవడం మామూలే. మీరు వెతకాల్సింది ఫిల్టరు పైపు వెనక, పైమూలలో ఏటవాలుగా వేలాడే చేపని. రంగు వెలిసి ఉంటుంది, రెక్కలు ఒంటికి అంటుకుని ఉంటాయి, తోక అంచు చిరిగి తెల్లబడి ఉంటుంది, మేత పడ్డా కిందికి దిగదు. దాన్ని ఆ రోజే తీసి వేరే తొట్లో పెట్టండి. రెండు మూడు చేపలకి అదే గతి పడితే తప్పు దెబ్బ తిన్నవాటిది కాదు, కొట్టేదాన్ని తీయాలి. వారం బయట ఉంచి, రాళ్ళు మార్చి తిరిగి వేస్తే దాని స్థానం వేరొకటి తీసుకుని ఉంటుంది, కొంత తగ్గుతుంది. తగ్గకపోతే షాపుకి తిరిగివ్వడమే.

మేత తినని ప్రతి చేపా ఓడినది కాదు. గవద కింద ఉబ్బి, నోరు నమిలినట్టు కదుపుతూ ఒక మూల నిలబడితే అది గుడ్లు పట్టుకున్న ఆడది. గుడ్లు పెట్టిన వెంటనే నోట్లోకి తీసుకుని, దాదాపు మూడు వారాలు తిండి మానేసి మోస్తుంది. దానికీ ఒక సందు కావాలి, అందుకే గుట్టల మధ్య చిన్న చిన్న బొరియలు ఎక్కువ వదలమన్నది.

నీళ్ళ విషయంలో మన వాళ్ళకి ఉన్న సౌకర్యం హైదరాబాదు వాళ్ళకి కూడా లేదు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం ఎటు చూసినా ఆక్వా ల్యాబులే. సీసాలో మీ కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు విడివిడిగా పట్టుకెళ్ళి ఇవ్వండి. పీహెచ్, సాలినిటీ (ఉప్పు), ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాచే గుణం), హార్డ్‌నెస్, అమ్మోనియా రాసిస్తారు. వాళ్ళు వనామి రొయ్యల లెక్కల్లో మాట్లాడతారు, "హార్డ్‌నెస్ చాలా తక్కువుందండి, మినరల్స్ వేయండి" అంటారు. కంగారు పడకండి. మలావి నీళ్ళలో పీహెచ్ 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది, హార్డ్‌నెస్ 100 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) చుట్టుపక్కల, ఆల్కలినిటీ అంతకంటే కొంచెం ఎక్కువ. ధవళేశ్వరం నుంచి దిగే కాలువ నీళ్ళు మామూలు రోజుల్లో దీనికి దూరం కావు.

మామూలు రోజుల్లో అన్నాను. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయికొచ్చేది నిల్వ చెరువు నీళ్ళు, అవి ఎండకి చిక్కబడతాయి, క్లోరిన్ కూడా గట్టిగా కొడతారు. వానాకాలం ఎర్ర నీళ్ళు దిగితే పటిక ఎక్కువ వేస్తారు, పటిక ఆల్కలినిటీని తినేస్తుంది, పీహెచ్ దిగుతుంది. ఈ రెండు కాలాల్లో నీళ్ళు మార్చే ముందు ఒకసారి పరీక్ష చేయించండి. ఆల్కలినిటీ తగ్గితే వంటసోడా: 100 లీటర్లకి 10 గ్రాములు వేస్తే సుమారు 60 పీపీఎం పెరుగుతుంది. ఒక్క రోజులో అంతకు మించి పెంచకండి. క్లోరిన్‌కి ఆక్వా షాపులో హైపో (సోడియం థయోసల్ఫేట్) దొరుకుతుంది, ఒక పాలు క్లోరిన్‌కి ఏడు పాళ్ళు హైపో. నీళ్ళలో 1 పీపీఎం క్లోరిన్ ఉంటే 200 లీటర్లకి గ్రామున్నర చాలు. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చండి. ముప్పై చేపలున్న ట్యాంకులో దీనికి మినహాయింపు లేదు.

పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో అమ్మోనియా ఎంత ప్రమాదమో చెరువులు చేసేవాళ్ళకి తెలుసు. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు భాగం 1 శాతం లోపే, అదే 8.3 ఉంటే 14 శాతం దాకా పోతుంది. అంటే మలావి ట్యాంకులో ఫిల్టరు మీద పొదుపు చేయకూడదు. గంటకి 4,000 లీటర్లు తిప్పే కానిస్టరో (మూత బిగించిన డబ్బా ఫిల్టరు), ట్యాంకు కింద సంపో (ఫిల్టరు తొట్టి) పెట్టించండి, దానికి తోడు రెండు స్పాంజ్ ఫిల్టర్లు.

ఎండాకాలం ఇంకో బాధ. ఈ చేపలకి 24 నుంచి 28 డిగ్రీలు హాయి. ఏప్రిల్, మేలో మన హాల్లో ట్యాంకు 32 దాటుతుంది. నీళ్ళ మీదికి ఫ్యాన్ పెట్టడం అనంతపురంలో బాగా పనిచేస్తుంది. సముద్రం గాలిలో తేమ ఉన్న మన దగ్గర నీరు ఆవిరయ్యేదే తక్కువ, చల్లబడేదీ తక్కువే. ఏసీ ఉన్న గది అయితే మంచిది, లేకపోతే మేత సగానికి తగ్గించి గాలి పెంచండి. 25 డిగ్రీల నీళ్ళు లీటరుకి 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 32 దగ్గర 7.3 మాత్రమే పట్టుకుంటాయి, పైగా వేడికి చేపలకి కావలసింది పెరుగుతుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు ఏర్ పంపు నడవాలి, టీవీ తర్వాత. కానిస్టరు నాలుగైదు గంటలు ఆగిపోయి ఉంటే దాన్ని అలాగే ఆన్ చేయకండి. లోపలి నీళ్ళు కుళ్ళి ఉంటాయి. విప్పి, ట్యాంకు నీళ్ళతోనే స్పాంజి కడిగి, అప్పుడు పెట్టండి.

మేత గురించి ఒక్క ముక్క. ఇంట్లో వనామి మేత బస్తా ఉంది కదా అని గుప్పెడు వేసేవాళ్ళని చూశాను. ఎంబునాలు రాళ్ళ మీద పాచి గీక్కుని బతికే చేపలు, పేగు పొడుగు. అంత మాంసకృత్తులున్న మేత రోజూ వేస్తే పొట్ట ఉబ్బి, తెల్లటి దారాల్లా పెంటిక వేసి చస్తాయి. స్పిరులినా ఉన్న చిన్న పెల్లెట్, రోజుకి రెండుసార్లు, నిమిషంలో అయిపోయేంత.

పీకాక్‌ల మీద అంత మనసుంటే ఎంబునా ఆలోచన మానేసి ట్యాంకు మొత్తం వాటికే ఇవ్వండి. అవీ మలావివే గానీ ఇసుక మీద తిరిగే నెమ్మది చేపలు, ఎంబునాల మధ్య రంగు విప్పలేవు. మగవి మాత్రమే పన్నెండు, పధ్నాలుగు, ఏ రెండూ ఒకేలా ఉండకుండా, వాటితో ఒక ఎలక్ట్రిక్ బ్లూ అనే మలావి చేప. ఒక్క ఆడది పడినా ఆ ట్యాంకు యుద్ధరంగమే. రాళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. ఖర్చు ఎక్కువ, చూడటానికి ఎంబునాల కంటే ఒక మెట్టు పైనే, నన్నడిగితే.

మూడో దారి ఒకటుంది, ఎవరూ అడగరు. మీ బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయన్నారు. మలావి చేపలకి అది పనికిరాదు. కానీ మన దేశంలో సొంతంగా పుట్టిన సిక్లిడ్లు మూడున్నాయి, వాటిలో రెండు ఉప్పుటేర్లలో, కయ్యల్లో హాయిగా బతుకుతాయి: కేరళ వాళ్ళు కరిమీన్ అనే ఆకుపచ్చ క్రోమైడ్, అరచేతిలో పట్టే నారింజ క్రోమైడ్. నారింజ పిల్లలు పెద్ద కరిమీన్ల ఒంటి మీది పురుగుల్ని ఏరి తింటాయి. అవే పెద్దయ్యాక కరిమీన్ల గుడ్లు దొంగిలిస్తాయి. ఆరడుగుల ట్యాంకులో అరడజను కరిమీన్లు, పది నారింజలు వేసి ఈ నాటకం చూస్తూ కూర్చోవచ్చు. మలావి కంటే రంగు తక్కువ, కథ ఎక్కువ.

చేపలు మాత్రం ఒకే చోట, పిల్లలుగా కొనండి. మన షాపులకి ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ సంచుల్లో వస్తాయి. వచ్చిన రోజునే కొనకుండా వారం షాపులో నిలబడ్డ వాటినే తీసుకోండి. "అద్దం శుభ్రం చేస్తుంది" అని సక్కర్ చేప అంటగడతారు, వద్దనండి. ఎవరో వదిలేసిన ఆ చేపే ఇప్పుడు దెయ్యం చేప పేరుతో జాలర్ల వలలు చింపుతోంది. మీ ఎంబునాలు కూడా పిల్లలు పెడతాయి, ఎక్కువైతే షాపుకివ్వండి లేదా తెలిసినవాళ్ళకివ్వండి, కాలువలో మాత్రం వదలకండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా సిక్లిడే, అది ఇవాళ ఏ చెరువులో లేదో చెప్పండి.

ల్యాబ్ కాగితం వచ్చాక కుళాయి నీళ్ళ ఆల్కలినిటీ, బోరు సాలినిటీ రెండూ ఇక్కడ రాయండి. రాళ్ళు పేర్చాక, ఇసుక పోయకముందు ఎదుటి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి ఫోటో పెట్టండి. బోరు ఉప్పు 2 పీపీటీ (లీటరుకి 2 గ్రాములు) దాటి, కుళాయి నీళ్ళు రోజుకి గంటే వస్తాయంటే పైన రాసిన జాబితా పక్కన పెట్టి క్రోమైడ్ల లెక్క వేద్దాం.